దేవుడు క్షమించాక కూడా మనిషికి బాకీ ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 41. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో చాలా ఏళ్లు గుమాస్తాగా చేశాను. చివరి రోజుల్లో లెక్కలు దిద్ది, కొంచెం కొంచెంగా సుమారు 2,80,000 రూపాయలు వాడుకున్నాను. కొందరు రైతుల కాటా లెక్కల్లో కూడా కిలో, రెండు కిలోలు తగ్గించి రాసి ఆ తేడా నేనే తీసుకున్నాను. ఒకసారి క్యాష్‌లో తేడా బయటపడింది. ఓనర్ గారు షాపులో పనిచేసే కుర్రాడిని అనుమానించి, అందరి ముందు కొట్టి పంపేశారు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. తర్వాత నేనూ అక్కడ మానేశాను. 2019లో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, దశమభాగం (సంపాదనలో పదో వంతు) ఇస్తున్నాను. మా పాస్టర్ గారికి పైపైన చెబితే ‘యేసు రక్తం కడిగేసింది, వెనక్కి తిరిగి చూడొద్దు’ అన్నారు. అయినా నెమ్మది లేదు. 90,000 దాచాను, గుడి కట్టడానికి ఇస్తానని మాటిచ్చాను. దాంతో సరిపోతుందా? తెలిసి కూడా సరిచేసుకోవడం లేదు కాబట్టి నాది క్షమించరాని పాపమా? హెబ్రీ 10:26 చదివినప్పుడల్లా భయమేస్తోంది. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచరణలో) చెయ్యి వేయొచ్చా? నా భార్యకు ఇవేమీ తెలియవు. పోలీసు కేసు అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక సహోదరుడు, గుంటూరు జిల్లా

సమాధానం: బ్రదర్, వందనాలు. మీ భయం సంగతి ముందు తేల్చుకుందాం. అంత భయంలో ఉన్న మనిషికి ఏ సలహా చెప్పినా తలకెక్కదు.

మీది క్షమించరాని పాపం కాదు. మార్కు సువార్త 3వ అధ్యాయంలో యేసు ఆ మాట అన్నది ఎవరితో? ఆయన దయ్యాలను వెళ్లగొట్టడం కళ్లారా చూసి, అది దయ్యాల అధిపతి పని అని చెప్పిన శాస్త్రులతో. పరిశుద్ధాత్మ చేసిన పనిని తెలిసే సాతాను ఖాతాలో వేశారు వాళ్లు. పైగా వాళ్లకు దాని గురించి బాధ లేదు. మీరు ఏళ్ల తరబడి బాధపడుతూ నాకు ఉత్తరం రాశారు. హెబ్రీ 10:26 కూడా ఇలాగే సందర్భంలో పెట్టి చదవాలి. ‘బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల’ అన్న మాట దగ్గరే మన విశ్వాసుల్లో చాలామంది ఆగిపోయి వణికిపోతారు. 29వ వచనం దాకా వెళితే ఆ రచయిత ఎవరి గురించి చెబుతున్నాడో తెలుస్తుంది. దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కి, తనను పరిశుద్ధపరచిన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచి, క్రీస్తునే వదిలి వెళ్లిపోయేవాళ్ల గురించి. మీరు క్రీస్తును వదల్లేదు. చేయాల్సిన పని చేయడానికి భయపడుతున్నారు, అంతే. ఇదేమీ చిన్న విషయం అనను. కానీ దీనికి మందు ఉంది.

‘మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును’ (1 యోహాను 1:9). ఈ మాట మీ లెక్కల పుస్తకం చూసి మారదు. డబ్బు తిరిగి ఇస్తేనే దేవుడు క్షమిస్తాడు అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఎవరికీ ఒక్క పైసా తిరిగి ఇవ్వలేదు. మేకులు దిగిన చేతులతో ఏమిస్తాడు? అయినా ఆ రోజే పరదైసులో ఉంటావన్న మాట దక్కింది. ఇస్కరియోతు యూదా మాత్రం యేసును అప్పగించినందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలూ పట్టుకెళ్లి యాజకులకు తిరిగి ఇచ్చాడు, ‘పాపము చేసితిని’ అని కూడా అన్నాడు. అతనికి నెమ్మది దొరకలేదు. యాజకుల దగ్గరికి వెళ్లాడు గానీ యేసు దగ్గరికి వెళ్లలేదు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, సొమ్ము తిరిగి ఇవ్వడం క్షమాపణకు ధర కాదని ఇంక ఎవరూ మీకు చెప్పనక్కర్లేదు.

మీ పాస్టర్ గారు చెప్పింది ఇంతవరకు నిజమే. యేసు కడిగేశాడు. అయితే ఆయనకు మీరు మొత్తం చెప్పలేదని మీరే రాశారు. పైపైన విన్నదానికి ఆయన పైపైన జవాబిచ్చారు. ఆ కుర్రాడి సంగతి చెప్పి ఉంటే అంత తేలిగ్గా ‘వెనక్కి చూడొద్దు’ అని ఉండేవారు కాదని నా నమ్మకం.

‘పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను’ అన్న వచనాన్ని (2 కొరింథీ 5:17) మన సంఘాల్లో పాత బాకీల మీద కొట్టివేత ముద్రలా వాడటం నేను చాలాసార్లు విన్నాను. పౌలు అక్కడ కొత్త సృష్టి అయిన మనిషి గురించి మాట్లాడుతున్నాడు. పాత మనిషి దాచిన సొమ్ము కొత్త మనిషి దగ్గరే ఉంటే ఆ సొమ్ము కొత్తదైపోదు. అదే పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరం చూడండి. ఒనేసిము తన యజమాని ఫిలేమోను దగ్గర్నుంచి వెళ్లిపోయినవాడు, చెరసాలలో పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. ‘వాడు మారాడు కదా, పాతది మర్చిపో’ అని పౌలు రాసి ఊరుకోవచ్చు. అలా రాయలేదు. ‘అతడు నీకు ఏ నష్టమైనను కలుగజేసిన యెడలను, నీకు ఏమైన ఋణమున్న యెడలను, అది నా లెక్కలో చేర్చుము’ అని, ‘అది నేనే తీర్తును’ అని సొంత చేతితో రాశాడు. మారుమనస్సు పొందినా బాకీ బాకీయేనని ఆయనకు తెలుసు.

పాత నిబంధనలో ఇది ఇంకా సూటిగా ఉంది. లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు ఒకసారి నెమ్మదిగా చదవండి. నమ్మి అప్పగించినదాన్ని కాజేసినవాడు అసలు తిరిగి ఇవ్వాలి, దానిమీద అయిదో వంతు కలపాలి, సొత్తు ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి. ఎప్పుడు? అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే. దేవుని దగ్గరికి బలిపశువుతో వచ్చేవాడు పొరుగువాడి సొమ్ముతో కూడా బయల్దేరాలన్నమాట. యేసు కొండమీద ప్రసంగంలో అన్నది కూడా ఇదే వరుస. బలిపీఠం దగ్గర గుర్తొస్తే అర్పణ అక్కడే విడిచిపెట్టి, ‘మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము’ అన్నాడు.

క్రైస్తవ సంఘం కూడా మొదటినుంచి ఇలాగే అర్థం చేసుకుంది. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్‌గా ఉన్న అగస్టీన్ 5వ శతాబ్దం మొదట్లో మాసిడోనియస్ అనే రోమా అధికారికి ఒక ఉత్తరం రాశాడు. తిరిగి ఇవ్వగలిగి ఉండీ పరాయి సొత్తు ఇవ్వనివాడిది పశ్చాత్తాపం కాదు, పశ్చాత్తాప నటన అని దాని సారాంశం. ‘ఇవ్వగలిగి ఉండీ’ అన్న షరతు గమనించండి. క్యాథలిక్ సంఘం ఈ రోజుకీ పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) దొంగసొమ్ము తిరిగి ఇవ్వమనే చెబుతుంది. మనకు వాళ్లతో ఎన్ని తేడాలున్నా ఈ విషయంలో వాళ్లు బైబిల్ చెప్పిందే చెబుతున్నారు.

ఇక సుంకం వసూలుచేసే జక్కయ్య. సండే స్కూల్లో మేడిచెట్టు పాఠం మీరు చెప్పే ఉంటారు. యేసు ముందు లెక్కలు అడగలేదు. ‘నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అన్నాడు. ఊరంతా సణుక్కుంటుండగా వెళ్లాడు. ఆ తర్వాతే జక్కయ్య లేచి నిలబడి, సగం ఆస్తి బీదలకనీ, అన్యాయంగా తీసుకున్నవాళ్లకు నాలుగంతలనీ చెప్పాడు. నాలుగంతలు అంటే గొర్రెను దొంగిలించి అమ్మినవాడికి నిర్గమకాండము 22వ అధ్యాయం వేసిన శిక్ష. ఎవరూ అడక్కుండానే ఆ శిక్ష తనకు తానే వేసుకున్నాడు. అంతకుముందు డబ్బు వదులుకోలేని మనిషి ఇప్పుడు వదులుకోగలుగుతున్నాడు, ఎందుకంటే యేసు ఇంట్లో ఉన్నాడు. మీకు నెమ్మది లేకపోవడాన్ని కూడా నేను ఇలాగే చూస్తున్నాను. దేవుడు మిమ్మల్ని తోసేశాడనడానికి అది గుర్తు కాదు. ఆయన మీ ఇంట్లోనే ఉన్నాడు, ఆ ఒక్క గది తలుపు తెరవమంటున్నాడు.

గుడి కానుక సంగతి సూటిగా చెబుతాను. వద్దు. ఆ డబ్బు మీది కాదు, మీది కానిదాన్ని దేవునికి ఇవ్వలేరు. యెషయా 61:8లో దేవుడు న్యాయం తనకు ఇష్టమనీ, దోచుకోవడం అసహ్యమనీ చెప్పాడు. యూదా విసిరేసిన నాణేలను ఆ యాజకులే కానుకల పెట్టెలో వేయడానికి ఒప్పుకోలేదు. సౌలు రాజు, దేవుడు నాశనం చేయమన్న అమాలేకీయుల పశువుల్లో మంచివాటిని దాచి, ఇవి బలి అర్పించడానికే అన్నప్పుడు సమూయేలు ప్రవక్త చెప్పిన జవాబు మీకు తెలిసిందే: ‘బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము.’ గుడికిస్తే అందరూ మెచ్చుకుంటారు, పేరు కూడా రాస్తారు. ఓనర్ ఇంటికి వెళితే తలదించుకోవాలి. అందుకే మనసు గుడివైపు లాగుతుంది. పాస్టర్ గారికి మొత్తం చెప్పి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన విషయం. మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో డబ్బు గురించి చాలా రాశారు. ఆ కుర్రాడి గురించి రాసింది మాత్రం ఈ కాస్తే. అతని వయసెంతో, తర్వాత ఏమయ్యాడో, ఆ రోజు ఇంటికెళ్లి తల్లిదండ్రులకు ఏం చెప్పుకున్నాడో ఏమీ లేదు. యార్డులో ఒక షాపులో దొంగ అని పంపేస్తే ఆ మాట పక్క షాపులకు చేరడానికి ఎంతసేపు పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఓనర్ పోగొట్టుకున్నది డబ్బు. ఆ కుర్రాడు పోగొట్టుకున్నది పని, పేరు, పదిమందిలో తలెత్తుకోవడం. ఓనర్ అప్పు వాయిదాల్లోనైనా తీరుతుంది. కుర్రాడి అప్పు మీరు నోరు తెరిస్తేనే తీరుతుంది.

నేను అబద్ధం చెప్పలేదు కదా, ఊరికే ఉన్నాను కదా అని మీకు అనిపించవచ్చు. లేవీయకాండము 5:1 సాక్షి మౌనం గురించే. తాను చూసినదో తెలిసినదో చెప్పమన్నప్పుడు చెప్పనివాడు ఆ దోషం మోస్తాడని ఉంది. పొరుగువాడిమీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను నోరు మూసుకుని కూడా మీరవచ్చు. దావీదు 51వ కీర్తనలో ‘నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను’ అన్నాడు. ఆ వచనం చూపించి, ఇది నాకూ దేవునికీ మధ్య విషయం అనేవాళ్లున్నారు. దావీదు ఆ మాట అనేటప్పటికి, అతను చంపించిన ఊరియా బతికి లేడు. మీ విషయంలో కుర్రాడు ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాడు. అది దేవుడు మీకు మిగిల్చిన అవకాశం, దయచేసి పోగొట్టుకోకండి.

కాబట్టి ఓనర్ గారి దగ్గర మీరు చెప్పే మొదటి మాట డబ్బు గురించి కాకూడదు. ‘ఆ రోజు తీసింది ఆ అబ్బాయి కాదు, నేను’ అని చెప్పండి. తర్వాతే లెక్క. ఆ కుర్రాడు ఎక్కడున్నాడో యార్డులో పాత హమాలీలను అడిగితే తెలియొచ్చు. దొరికాక ఒంటరిగా చెప్పి చేతులు దులుపుకోకండి. అతని ఇంట్లోవాళ్ల ముందు చెప్పండి, ఎందుకంటే అవమానం జరిగింది నలుగురిలో. ఓనర్ గారి చేత ఒక్క మాట ఫోన్‌లోనైనా అనిపించగలిగితే మరీ మంచిది. పనిపోయి నష్టపోయిన జీతానికి కూడా ఎంతో కొంత కట్టివ్వండి. అతను తిట్టొచ్చు, తలుపు వేసెయ్యొచ్చు. క్షమించమని అడగండి, క్షమించి తీరాలని ఆశించకండి. ‘బైబిల్ క్షమించమంది’ అని మాత్రం అతనికి చెప్పకండి. ఆ మాట చెప్పే హక్కు ఇంకెవరికైనా ఉందేమో గానీ మీకు లేదు.

అయితే వీటన్నిటికంటే ముందు మీ భార్యకు చెప్పాలి. కేసు అయినా, డబ్బు కట్టినా, బంధువుల్లో మాట వచ్చినా మీతో సమానంగా మోసేది ఆవిడే. బయటివాళ్ల ద్వారా ఆవిడకు తెలిస్తే అది ఇంకో ద్రోహం అవుతుంది. పిల్లలు పడుకున్నాక, తొందరలేని రోజు చూసుకుని, సాకులు కలపకుండా చెప్పండి. ఆవిడ కోపం చల్లారడానికి సమయం ఇవ్వండి. ‘ఇప్పుడెందుకు తవ్వడం, పిల్లల భవిష్యత్తు చూడండి’ అని అడ్డుపడితే వెంటనే వచనాలు చూపించి నోరు మూయించకండి. ఆవిడ భయం న్యాయమైనదే. ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుని వెళితే ఆ గడప తొక్కడం మీకు సులువవుతుంది.

కేసు సంగతి. ఓనర్‌ని కలిసేముందు ఒక అడ్వకేట్‌తో మాట్లాడండి. తప్పించుకోవడానికి కాదు, ఏం జరగొచ్చో తెలిసి వెళ్లడానికి. జరిగింది కొత్త శిక్షా చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు కాబట్టి పాత ఐపీసీయే వర్తిస్తుంది. గుమాస్తా నమ్మకద్రోహానికి సెక్షన్ 408, లెక్కల పుస్తకాలు దిద్దినందుకు సెక్షన్ 477ఎ. రెండింటికీ 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. 408 కింద కోర్టు అనుమతితో యజమాని రాజీపడవచ్చు, 477ఎకి ఆ వెసులుబాటు లేదు. ఏళ్లు గడిచాయి కాబట్టి కేసు పెట్టలేరు అనుకోకండి. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. దేవుని మాట వింటే ఏ నష్టమూ రాదని మీకు అబద్ధం చెప్పలేను కాబట్టి చెబుతున్నాను. దావీదుతో నాతాను ప్రవక్త ‘యెహోవా నీ పాపమును పరిహరించెను’ అన్నాడు, అయినా ఫలితాలు ఆ ఇంటిని చాలాకాలం వెంటాడాయి. క్షమాపణ పొందినవాడు ఆ ఫలితాలను దేవుడు తోడుండగా ఎదుర్కొంటాడు, మీకు నేను ఇవ్వగల ధైర్యం ఇదే.

ఎంత కట్టాలి? లేవీయకాండపు లెక్కన అసలు 2,80,000, అయిదో వంతు 56,000, మొత్తం 3,36,000. మనం ఆ ధర్మశాస్త్రం కింద లేము, అయినా నిజాయితీగల కొలత కావాలంటే ఇది బాగుంటుంది. ఇన్నేళ్ల వడ్డీ కలిపి ఓనర్ ఎక్కువ అడిగితే బేరమాడకండి. చేతిలో ఉన్న 90,000 మొదటి వాయిదాగా ఇచ్చి, మిగతాది నెలకింత అని కాగితం మీద రాసివ్వండి. ఇల్లు గడవనంత పెద్ద వాయిదా ఒప్పుకుని రెండో నెలే మాట తప్పడం కంటే, చిన్నదైనా తప్పకుండా కట్టేది మేలు. ఆయన ఏ మతస్థుడైనా, ఆ రోజు ఆయనకు సువార్త చెప్పాలనుకోకండి. ఎందుకు వచ్చావని అడిగితే చెప్పండి, లేదంటే లెక్క అప్పజెప్పి రండి. దీన్ని మీటింగుల్లో సాక్ష్యంగా కూడా చెప్పకండి. ఆ కుర్రాడి పేరు తుడవకముందే మీ పేరు వెలగడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

రైతుల దగ్గర తగ్గించిన కిలోలు ఎవరెవరివో ఇప్పుడు మీకే గుర్తుండకపోవచ్చు. గుర్తున్నవాళ్లకు వెళ్లి ఇచ్చేయండి. జక్కయ్య సగం ఆస్తి బీదలకిచ్చింది కూడా, లెక్క తెలియని అలాంటివాళ్లందరినీ తలచుకునేనేమో అని నాకనిపిస్తుంది. వచనం అలా చెప్పదు, ఇది నా ఊహ. సంఖ్యాకాండము 5వ అధ్యాయం మాత్రం, సొమ్ము అందుకునే బంధువు కూడా లేనప్పుడు దాన్ని దేవునికి ఇవ్వమంటుంది. మీరు ఆ మొత్తాన్ని ఉదారంగా అంచనా వేసి, అప్పుల్లో ఉన్న ఏదైనా రైతు కుటుంబానికి పేరు చెప్పకుండా అందేలా చూడండి. ‘దొంగిలువాడు ఇకమీదట దొంగిలక’ అని మొదలుపెట్టిన పౌలు, చేతులతో కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పంచమనడంతో ఆ మాట ముగించాడు (ఎఫెసీ 4:28).

బల్ల విషయంలో 1 కొరింథీ 11:28 ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని’ అంటుంది. పరీక్షించుకుని దూరంగా కూర్చోమనలేదు. మీరు భార్యకు చెప్పి, ఓనర్‌ని కలిసే తేదీ నిర్ణయించుకుంటే ఆ ఆదివారమే బల్లకు వెళ్లండి, మొత్తం బాకీ తీరేదాకా ఆగక్కర్లేదు. తేదీ వేసుకోకుండా ఇంకో ఏడాది నానబెట్టాలనుకుంటే మాత్రం వెళ్లొద్దు.

సండే స్కూల్ బాధ్యత కొన్ని నెలలు వేరేవాళ్లకు అప్పగించమని పాస్టర్ గారిని మీరే అడగండి. పిల్లలు ఎందుకని అడిగితే, ఒకచోట చేయాల్సిన పని మిగిలిపోయింది, చేసి వస్తానని చెప్పండి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయనా, సంఘ పెద్దలూ చెబుతారు.